వెనక టైరు

ఆగస్టు 18, సోమవారం

ఇవాళ మళ్ళీ పంక్చరు. వెనక చక్రమే. ఎనిమిది రోజుల్లో ఇది మూడోసారి.

నందిగామలో ఇంటి నుంచి ఏడున్నరకి బయల్దేరాను. కీసర దగ్గర స్కూలుకి తొమ్మిది కిలోమీటర్లు. హైవే అంచు పట్టుకుని తొక్కితే ఎనిమిదింబావుకల్లా చేరాలి. సగం దారిలో సైకిలు ఎవరో వెనక్కి లాగినట్టయింది. దిగి చూస్తే టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు, ఒక చేత్తో హాండిలు పట్టుకుని, దాటి వచ్చిన పంక్చర్ బంకు దాకా వెనక్కి నడిచాను. స్కూల్లో వేలు పెట్టేసరికి 8:52. హాజరు మెషీన్లో ఎర్ర లైటు, అంటే లేటు.

కరస్పాండెంట్ సతీష్‌బాబుగారు వరండాలోనే నిలబడి ఉన్నారు. "టీచర్లే లేటయితే ఇక పిల్లలకేం చెప్తామండీ మేడం?" అన్నారు. టెన్త్ పిల్లలు వింటుండగా అన్నారు. నలభై మూడేళ్ళ మనిషిని. పదకొండేళ్ళుగా అక్కడ హిందీ చెబుతున్నాను.

నా స్కూటీ ముక్త్యాలలో ఉంది. నా పేరు మీద ఉన్న బండి. మా ఆయన జిలానీ మేనల్లుడు హారూన్‌కి అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికింది. జగ్గయ్యపేట నుంచి రోజూ వెళ్ళడానికి బండి లేదంటే, నేను స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో జిలానీ తాళం తీసి ఇచ్చేశాడు. తల తుడుచుకుంటూ హాల్లోకి వస్తే బండి లేదు. "ఒక్క నెలేలే హఫీజా" అన్నాడు. సరే అన్నాను. భర్త తరఫు వాళ్ళు, కొత్త ఉద్యోగం, కాదంటే ఏం బావుంటుంది. నాకు ఆయన మీద కోపమేమీ లేదు.

కోపమంతా ఈ రోడ్డు మీద.

ఇది రాయడానికి పాత లెసన్ ప్లాన్ పుస్తకం తీశాను. వెనక అరవై పేజీలు ఖాళీ. ఇంట్లో దీన్ని ఎవరూ తెరవరు.

ఆగస్టు 19

"బస్సెక్కొచ్చుగా, ఆడాళ్ళకి ఫ్రీయేగా" అన్నాడు జిలానీ. ఫ్రీ అయిన దగ్గర్నుంచీ ఎనిమిదింటి బస్సు మెట్ల దాకా నిండి వస్తోంది, కీసరలో దిగేవాళ్ళు లేకపోతే ఆపడం కూడా లేదు. ఈయన తెల్లవారుజామున ఐదింటికే సరుకు వ్యానుతో వెళ్ళిపోతాడు. బస్సు సంగతి ఈయనకేం తెలుసు? టిఫిన్ బాక్సు కట్టి ఇచ్చాను.

ఆగస్టు 21

నాలుగోసారి. బంకు దాటి రెండు ఫర్లాంగులు పోయానో లేదో.

ఆ బంకు నడిపేది పుల్లమ్మ అనే ఆవిడ. యాభై ఉంటాయి. చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా వేసుకుంటుంది. లారీ టైరునైనా కాలితో తన్ని పడేసి విప్పుతుంది. ఇవాళ నా టైరు లోపల వేలు తిప్పి, వెంట్రుక కన్నా కాస్త లావు తీగముక్క తీసి చూపించింది.

"లారీ టైర్లు పేలినప్పుడు రాలే తీగలమ్మా ఇయ్యి. వానకి తడిస్తే ఇంకా తేలిగ్గా దిగుతయ్యి. నీ టైరు అరిగి గుడ్డ బయటికొచ్చింది చూడు. ఎన్ని అతుకులేసినా దండగ. టైరు మార్చు టీచరమ్మా. ఆ రిమ్ము లోపల రబ్బరు పట్టీ కూడా లేదు, అదీ వేయించు."

సైకిలు మా జీనత్‌ది. తొమ్మిదో క్లాసులో స్కూల్లో ఇచ్చారు. పాలిటెక్నిక్‌కి విజయవాడ హాస్టలుకి వెళ్ళేదాకా అదే తొక్కింది. దాని టైరు అరిగిందంటే నమ్ముతాను. కానీ నాలుగుసార్లూ ఈవిడ బంకుకి అటూ ఇటూనే ఎందుకు పడాలి? తొమ్మిది కిలోమీటర్ల రోడ్డు ఉంది కదా.

ఎర్ర లైటు. 8:49.

ఆగస్టు 22

టెన్త్ మొదటి పీరియడు నా నుంచి తీసేసి జాయిస్‌కి ఇచ్చారు. ఆమె చెప్పేది ఇంగ్లీషు. "నాకు తెలియదండీ, సార్ వేశారు" అని జాయిస్ నా మొహం చూడలేకపోయింది. నా హిందీని మధ్యాహ్నం ఆఖరు పీరియడుకి తోశారు. ఆ టైముకి పిల్లలు సగం నిద్రలో ఉంటారు. ఇంకొక్కసారి లేటయితే టెన్తే ఉండదట. ఈసారి పబ్లిక్ పరీక్షలకి వెళ్ళే ముప్పై నలుగుర్నీ ఆరో క్లాసు నుంచీ నేనే చూస్తున్నాను.

ఆగస్టు 25

ఫోన్లో టైరు ఆర్డరు పెట్టాను. పేరులోనే పంక్చర్ ప్రూఫ్ అని ఉంది. మేకుల మీద నడిపించి చూపించిన వీడియో రెండుసార్లు చూశాను.

ఆగస్టు 27, వినాయక చవితి సెలవు

జీనత్ ఫోన్ చేసింది. టైరు గురించి చెప్తే తనూ వెతికి అన్నీ చదివి వినిపించింది. ట్యూబులో జిగురు మందు పోస్తే చిన్న చిల్లులు వాటంతటవే పూడుతాయట. అసలు గాలే లేని గట్టి రబ్బరు టైర్లున్నాయట. మూడో రకం, పైన రబ్బరుకీ లోపల గుడ్డకీ మధ్య ఇంకో మందపాటి పొర వేసినవి.

"ఇంతకీ స్కూటీ ఏమైందమ్మా?" అంది.

"సర్వీసింగ్‌కి ఇచ్చాం" అన్నాను.

"పదిహేను రోజులా?"

పాలు పొంగుతున్నాయని పెట్టేశాను.

ఆగస్టు 29

టైరు వచ్చింది. పట్టలేదు. నేనూ జిలానీ అరగంట గుంజాం. ఆయన నవ్వాడు. "ఫోన్లో కొంటే ఇంతే మరి" అని టైరు మెడలో దండలా వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. నేనూ నవ్వాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి కళ్ళు తుడుచుకున్నా ఆయనేమీ అనుకోలేదు.

సాయంత్రం గాంధీ సెంటర్ దాటాక ఉన్న దశరథరామయ్యగారి సైకిల్ షాపుకి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చదివారు.

"ఇరవయ్యారని రాసుంటే సరిపోదమ్మా. పక్కన రెండో అంకె చూడాల. ఇది ఒకటీ ముప్పావు, లావు రిమ్ముకి. మీ లేడీస్ సైకిలు సన్న రిమ్ము, ఒకటీ మూడెనిమిదులు. రెండూ ఇరవయ్యారే, ఒకదానికొకటి చచ్చినా పట్టవు."

"గాలి లేని టైరు వెయ్యమంటారా?"

"మీరు రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కాల. ఆ గుంటల్లో మీ నడుం విరుగుద్ది. మధ్యన పొర ఉన్న టైరు ఈ సైజులోనే బెజవాడ నుంచి తెప్పిస్తా. సోమవారానికి వేసిస్తా. కాస్త బరువు తొక్కుద్ది, అంతే."

మనిషి మాటలో మర్యాద ఉంది. పుల్లమ్మలాగా "దండగ, మార్చు" అని మొహం మీద కొట్టినట్టు చెప్పడు.

సెప్టెంబరు 1

కొత్త టైరు. వేలితో నొక్కితే గోడలా ఉంది. 8:14కి వేలు పెట్టాను. ఆకుపచ్చ లైటు. బంకు ముందు నుంచి వెళ్తూ కావాలనే బెల్లు కొట్టాను. పుల్లమ్మ తలెత్తి టైరు చూసి, బాగుందన్నట్టు చెయ్యి ఊపింది. నేను ఊపలేదు.

సెప్టెంబరు 2

8:12.

సెప్టెంబరు 3

పెన్ను రెండుసార్లు పక్కన పెట్టేశాను. అయినా రాయాలి.

కొత్త టైరు, మూడో రోజు, పుల్లమ్మ బంకు దాటి వంద గజాలు. గాలి బుస్సుమని పోయింది. వెనక చక్రం. టైరంతా వెతికాను, పైన ఎక్కడా ఏమీ గుచ్చుకుని లేదు. అంత మందం టైరులోకి మామూలు తీగ దిగదు. అంటే ఎవరో కావాలని గట్టి మేకు వేసి ఉండాలి, అది గుచ్చి ఊడిపోయి ఉండాలి. ఇంకేముంటుంది?

సైకిలు అక్కడే పడేసి వెనక్కి నడిచాను. ముగ్గురు లారీ డ్రైవర్లు టీ తాగుతున్నారు. పుల్లమ్మ జాకీ ఎత్తుతోంది. ఏం చేస్తున్నావో నాకు తెలుసన్నాను.

"ఏం చేస్తన్నా?"

"రోడ్డు మీద మేకులు చల్లుతున్నావు. పంక్చర్లు పడితే నీ దగ్గరికే రావాలని."

"నోరు జాగర్త టీచరమ్మా. నువ్వు చూశావా?"

నాలుగు మాటలు అన్నాను. ఆమె కూడా అంది. అప్పుడే హైవే పెట్రోలింగ్ జీపు వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. చెప్పాను. వాళ్ళు బంకు వెతికితే డాల్డా డబ్బా నిండా మేకులు, తీగలు దొరికాయి! "టైర్లలోంచి పీకినయ్యి సారూ, మళ్ళీ రోడ్డు మీద పడకుండా దాస్తన్నా" అంటోంది. ఎంత తెలివి. ఇంకా ఎవరైనా కంప్లయింట్ చేశారా అని వాళ్ళు నన్నడిగారు. చాలామంది అనుకుంటున్నారన్నాను. సాయంత్రానికల్లా బంకు లేపెయ్యమన్నారు.

నాలుగు కిలోమీటర్లు నడిచాను. కీసరలో సైకిలు రిపేరు షాపులో ఇస్తే అక్కడి కుర్రాడు కొత్త ట్యూబు వేసి, పాతది సంచిలో పెట్టి ఇచ్చాడు. 9:40. సతీష్‌బాబుగారు ఆఫీసు గదిలోకి పిలిచారు. టైంటేబులు కాగితం చేతికిచ్చారు. అందులో టెన్త్ లేదు.

సెప్టెంబరు 4

రేపు మిలాద్ సెలవు కాబట్టి టీచర్స్ డే ఇవాళే చేశారు. టెన్త్ పిల్లలు పెన్ను ఇచ్చారు. అక్షయ అనే అమ్మాయి "మీరెందుకు రావట్లేదు మేడం?" అంది. ఆఫీసు నిర్ణయం అన్నాను.

బంకు ఉన్న చోట నాలుగు ఇటుకలు, నూనె మరక మిగిలాయి. మంచి పని చేశాను. ఈ దారిన పోయే ఎంతమందికి మేలు.

సెప్టెంబరు 5, మిలాద్

హారూన్ వచ్చాడు, నా స్కూటీ మీద. కుడి అద్దం పగిలి ఉంది. సీటు నిండా సిమెంటు దుమ్ము. "అత్తా, బండి సూపర్‌గా పోతంది" అన్నాడు. బిర్యానీ పెట్టాను. ఇంకొంచెం వేసుకోరా అన్నాను. నవ్వుతూనే వడ్డించాను. నాలుగింటికి మళ్ళీ దాని మీదే వెళ్ళిపోయాడు. జిలానీ వీధి చివరిదాకా చూస్తూ నిలబడి, "బుద్ధిమంతుడు" అన్నాడు.

అవునన్నాను.

సెప్టెంబరు 8, సోమవారం

పొద్దున్న హాల్లో సైకిలు స్టాండు తియ్యబోతే వెనక టైరు చప్పగా ఉంది.

శనివారం సాయంత్రం తొక్కుకొచ్చి లోపల పెట్టాను. నిన్నంతా కదల్లేదు. మా హాల్లో మేకులు ఎవరు చల్లారు?

స్కూలుకి సెలవు చెప్పాను. అట్లకాడ వెనక్కి తిప్పి టైరు ఊడదీశాను. రెండు గోళ్ళు విరిగాయి. ట్యూబుకి గాలి కొట్టి బకెట్లో ముంచితే బుడగలు వచ్చాయి. చిల్లు బయటి వైపు లేదు. లోపలి వైపు, చక్రం ఇనుముకి ఆనే వైపు ఉంది. రిమ్ము లోపల వేలు పెట్టి తిప్పాను. ఒకచోట చుర్రుమంది. చక్రం పుల్ల, స్పోకు ఒకటి రిమ్ములోంచి సూదిలా పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని మీద, ట్యూబుకి తగలకుండా అడ్డం ఉండాల్సిన పట్టీ లేదు. మిగతా పుల్లల మీదా లేదు.

సంచిలో ఉన్న పాత ట్యూబు తీశాను, బుధవారం నాటిది. దాన్నీ ముంచాను. ఆగస్టులో పుల్లమ్మ వేసిన అతుకులు నాలుగూ బయటి వైపు, చెక్కు చెదరలేదు. కొత్త చిల్లు లోపలి వైపు.

రిమ్ము లోపల పట్టీ లేదు, అదీ వేయించమని ఆమె చెప్పింది. ఈ పుస్తకంలో నేనే రాసుకున్నాను. దశరథరామయ్యగారికి చెప్పనేలేదు. ఆయనా చూడలేదు.

చాలామంది అనుకుంటున్నారని జీపు వాళ్ళకి చెప్పాను. ఎవరూ అనుకోలేదు. నేనొక్కదాన్నే.

సెప్టెంబరు 9

దశరథరామయ్యగారు పట్టీ వేసి, పుల్ల కొన ఆకురాయితో అరగదీశారు. ఐదు నిమిషాల పని.

సెప్టెంబరు 10

బస్సులో వెళ్ళాను, నిలబడి. బంకు ఉన్న చోటు వచ్చినప్పుడు ఫోను చూసుకున్నాను.

సెప్టెంబరు 11

బస్సు.

సెప్టెంబరు 13

పక్కన టీ కొట్టతన్ని అడిగాను. కంచికచర్ల దగ్గర్లో ఎక్కడో పెట్టుకుందట. "అక్కడ లారీలు ఆగవు మేడం. ఆమె బేరం అయిపోయినట్టే" అన్నాడు. నేనెవరో అతనికి గుర్తుంది. టీ ఇవ్వనా అని అడగలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

పదిహేను కిలోమీటర్లు తొక్కాను. కంచికచర్ల ఇంకా రాకముందే రోడ్డు దిగువన నీలం పట్టా కనిపించింది. పుల్లమ్మ కింద కూర్చుని ఉంది. ఒక్క బండీ లేదు.

"పుల్లమ్మగారూ" అన్నాను.

"ఓహో. ఇయ్యాల గారు కూడా తగిలించావే. ఆ రోజేమన్నావో యాదికుందా?"

ఉంది.

"ముగ్గురు డ్రైవర్లు నిలబడి చూస్తంటే దొంగముండా అన్నావు. నీలాంటోళ్ళు ఇట్టాగే బతుకుతారన్నావు. నీ మొగుడు కూడా ఇట్టాగే బతికాడా అన్నావు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఆయన పేరెందుకు తీశావు?"

నాలుగు మాటలు అన్నానని రాశాను కదా ఆ రోజు. అవి ఈ మాటలే. రాయడానికి చెయ్యి రాలేదు.

రిమ్ము సంగతి చెప్పాను. తప్పయిందన్నాను. దణ్ణం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నా చెవులో చెప్తే ఏం లాభం? అరిచింది రోడ్డు మీద. చెప్పేది కూడా రోడ్డు మీదే చెప్పు. లారీలోళ్ళు నన్ను పేరుతో కాదు, ఆ చోటుతో గుర్తుపడతారు. తొమ్మిదేళ్ళు ఆడదాన్ని ఒంటిగా ఆ చోటు నిలబెట్టుకున్నా. నువ్వొచ్చి ఒక్క పూటలో లేపేశావు."

"చెప్తాను. రేపే."

"చెప్పు. అప్పుడు చూద్దాం." పట్టా తాడు బిగించింది. "ఒకటడగనా? పంక్చరు పడితే మనుషులు విసుక్కుంటారు, తిడతారు. నీలాగ ఎవరూ అరవరు. ఒళ్ళంతా వణికిపోయావు. ఎవరి మీద ఆ కోపం?"

సైకిలు స్టాండు తీశాను.

"చెప్పకపోతే మానె. నా మీద కాదని మాత్రం నాకు తెలుసు."

తిరిగి వచ్చేసరికి రెండయింది. జిలానీ టీవీ ముందు ఉన్నాడు. స్విచ్ ఆపేశాను.

"హారూన్‌కి బండి ఇచ్చేముందు నన్నెందుకడగలేదు?"

"ఇప్పుడెందుకా మాట? అన్నం పెట్టు."

"ఎందుకడగలేదు?"

"అడిగితే వద్దంటావని."

ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. అదీ తల గోక్కుంటూ చెప్పాడు.

"అవును, వద్దనేదాన్నే! అందుకే అడగాల్సింది!"

అరిచాను. పక్కింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ అనుకున్నాను. వారంలో మూడుసార్లు చీర పట్టుకుని సైకిలు తోసుకుంటూ నడిచిన సంగతి, ఎర్ర లైటు సంగతి, పోయిన టెన్త్ క్లాసు సంగతి, పగిలిన అద్దం, బిర్యానీ, అన్నీ అరిచాను. చివరికి పుల్లమ్మ సంగతి. అది మాత్రం అరవకుండా చెప్పాను. మీ మీద అరవాల్సింది ఆమె మీద అరిచానండీ, ఆమె బతుకు తీసేశాను అన్నాను.

జిలానీ రిమోటు పక్కన పెట్టాడు. "నెల రోజులుగా ఇంత పెట్టుకుని నవ్వుతా తిరిగావా?" అన్నాడు. ఆ తర్వాత నా ఎదురుగానే హారూన్ తల్లి అయిన తన అక్కకి ఫోన్ చేసి, బండి పంపెయ్యమన్నాడు. హారూన్ బతిమాలుతున్నాడట, ఇంకో బండి చూసుకునేదాకా ఆగమని.

జిలానీ ఫోను చేత్తో మూసి, "ఏం చెప్పమంటావు?" అని నన్నడిగాడు.

ఈ నెల ముప్పై దాకా, అద్దం వేయించి ఇవ్వాలి అన్నాను. అదే చెప్పాడు.

కోపం పోలేదు. అన్నం మాత్రం ఇద్దరం ఎవరికి వాళ్ళం వడ్డించుకున్నాం.

సెప్టెంబరు 15

గంట పర్మిషను తీసుకుని జీపు వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఆ రోజు వచ్చిన అతనే చదివాడు.

"పొరపాటు పడ్డారన్నమాట" అన్నాడు.

"కాదండీ. చూడకుండా చూసినట్టు చెప్పాను. చాలామంది అనుకుంటున్నారన్నది అబద్ధం."

"అట్టా రాయకండి మేడం, మీకే ఇబ్బంది."

రాసిందే ఉంచమన్నాను. బంకు రోడ్డుకి పదడుగులు వెనక్కి పెట్టుకుంటే అభ్యంతరం లేదన్నాడు.

అక్కణ్ణుంచి టీ కొట్టు దగ్గరికి వెళ్ళాను. ఆరుగురు డ్రైవర్లున్నారు. ఇరవయ్యేళ్ళుగా క్లాసులో నిలబడి మాట్లాడేదాన్ని, అక్కడ మొదటి వాక్యం రెండుసార్లు మొదలుపెట్టాను. పుల్లమ్మ మేకులు చల్లలేదు, నేను అబద్ధం చెప్పాను, ఆమెని అనరాని మాటలన్నాను అని చెప్పాను. ఒకతను ఫక్కున నవ్వాడు. ఒకతను "ఆ టీచరేనా?" అని పక్కవాణ్ణి అడిగాడు. టీ కొట్టతను ఫోను తీసి పుల్లమ్మకి కలిపి, స్పీకర్ పెట్టి, "మళ్ళీ చెప్పండి" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

సెప్టెంబరు 16

సతీష్‌బాబుగారి గదికి వెళ్ళి టెన్త్ తిరిగి ఇవ్వమన్నాను. సైకిలు మీద వచ్చే మనిషికి మొదటి పీరియడు కాకుండా రెండోది వేస్తే చాలు, అది ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదని అడిగాను. గొంతు పెరిగింది. "ఆలోచిద్దాం మేడం" అన్నారు. ఇవాళే ఆలోచించమన్నాను. జాయిస్ వెనకే వచ్చి, తనకి మార్చుకోవడం ఇష్టమేనంది.

సోమవారం నుంచి రెండో పీరియడు నాది.

సెప్టెంబరు 18, గురువారం

పుల్లమ్మ నిన్న తిరిగి వచ్చిందట. ఇవాళ దూరం నుంచే చూశాను. పది అడుగులు వెనక్కి, అదే ఖాకీ చొక్కా. ఎలా పలకరించాలా అనుకుంటుండగానే ముందు చక్రం గాలిపోయి కూర్చుంది. ముందుది పాత టైరే.

తోసుకుంటూ వెళ్ళి నిలబడ్డాను. ఆమె ఒక లారీ టైరు విప్పుతోంది. తలెత్తలేదు.

"నీ బండి నేను ముట్టుకోను" అంది.

"సరే."

"తోసుకుపోతావా?"

"పోతాను."

నాలుగడుగులు వేశాక వెనక నుంచి, "ఆగు" అంది. నీళ్ళ బేసిను కాలితో నా వైపు నెట్టింది. "సామానక్కడుంది. నువ్వే చేసుకో."

కుచ్చిళ్ళు దోపుకుని కింద కూర్చున్నాను. డ్రైవర్లు చూస్తున్నారు. చూడనీ. ఇనప పట్టీ టైరు కింద దూర్చి ఎత్తబోయాను.

"అక్కడ కాదు! గాలి కొట్టే చోటుకి ఎదురు వైపు మొదలెట్టు. ఆ, అట్టా. ట్యూబు పీకమాక, చినుగుద్ది. ఏం తొందర? స్కూల్లో పిల్లల్ని కూడా ఇట్టాగే తొందరపెడతావా?"

పాతిక నిమిషాలు పట్టింది. తీగముక్క నేనే తీశాను. దాన్ని డాల్డా డబ్బాలో వేస్తుంటే చూసి చూడనట్టు ఊరుకుంది. అతుకు వంకరగా పడిందని మళ్ళీ వేయించింది. ఒక్క మెచ్చుకోలు మాట లేదు. క్షమించానన్న మాట అసలే లేదు. చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. ఇవాళ ఎర్ర లైటు ఖాయం.

పంపు అందుకోబోయాను. పుల్లమ్మ లేచి వచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

"గాలి మాత్రం నేనే పడతా. ఎక్కువై పేలితే మళ్ళీ నా మీదకే వస్తావు."

నిలబడి గాలి పట్టించుకున్నాను.